శ్రీబాగ్ నుంచి శ్రీశైలం దాకా

(కడప కోటిరెడ్డి గారి స్మృతిలో కడపలో చేసిన ప్రసంగ పాఠం)



కడపలో రోజూ ఎన్నో వేల నోళ్లు కోటిరెడ్డి సర్కిల్ పేరు పలుకుతాయి. ఆ కోటిరెడ్డి గారు 1937 నవంబరు 16న మద్రాసులో ఒక కాగితం మీద సంతకం పెట్టారు. ఈ సాయంత్రం నేను ఆ కాగితం గురించే మాట్లాడతాను. నాయకులు అధికారాన్ని తమలో తాము పంచుకున్నాక ఆ పంపకాన్ని కాపాడేది ఎవరన్నదే నన్ను చాలాకాలంగా పట్టి ఉన్న ప్రశ్న. దానికి జవాబు వెతుక్కోవడానికి మన జిల్లాల చరిత్రకు మించిన పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు.

1800లో నిజాం మన తాలూకాలను కంపెనీకి అప్పగించాడు. అప్పటి నుంచి చాలాకాలం మనం దత్తమండలం వాళ్లం. కోస్తాలో 1852కి ధవళేశ్వరం ఆనకట్ట, 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టాలో వరి పండింది, ఆ వరి డబ్బుతో బడులు, కాలేజీలు, పత్రికలు, వకీళ్లు వచ్చారు. మనకు వచ్చిన కర్నూలు–కడప కాలువను ఒక ప్రైవేటు కంపెనీ తవ్వి, నష్టపోయి, 1882లో సర్కారుకు అమ్ముకుంది. ఈలోగా 1876–78 నాటి ధాత కరువు ఊళ్లకు ఊళ్లనే ఊడ్చిపెట్టింది. కోస్తా వాళ్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న చర్చ నాకు అక్కర్లేదు. ఒక తరంలో నీళ్లు వచ్చిన చోట రెండో తరంలో చదువూ, మూడో తరంలో రాజకీయమూ వస్తాయి. 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభ ప్రత్యేక రాష్ట్రం మాట ఎత్తినప్పుడు మనవాళ్లు వెనకాడింది ఇందుకే. మద్రాసు పెత్తనం పోయి డెల్టా పెత్తనం వస్తే మనకు ఒరిగేదేమిటని అడిగారు. 1928లో నంద్యాలలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు పెట్టారు. పేరు బాగుంది, అనుమానం మాత్రం తీరలేదు.

ఆ అనుమానానికి రెండు ఘటనలు బలమిచ్చాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. అది అనంతపురంలో ఉండాలని సీమ వాళ్లు కోరారు. చివరికి వాల్తేరుకు వెళ్లింది. మన కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయంలోనే ఉండిపోయాయి. రెండోది 1937 జులైలో రాజాజీ మంత్రివర్గం. ఆంధ్ర ప్రాంతం నుంచి ప్రకాశం, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి మంత్రులయ్యారు. సీమ నుంచి ఒక్కరూ లేరు. ఆ ఏడాది అక్టోబరులో బెజవాడలో జరిగిన ఆంధ్ర మహాసభ రజతోత్సవాల్లో ఈ మాట పైకొచ్చింది. ఇరుపక్షాల పెద్దలతో ఒక సంఘం వేశారు. వాళ్లు మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో కూర్చున్నారు. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండా వెంకటప్పయ్య గార్లు సంతకాలు చేసినవాళ్లలో ఉన్నారు.

అందులో ఏముందో కాస్త నిదానంగా చూద్దాం. విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలి. పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల పథకాల్లో సీమకూ నెల్లూరుకూ ప్రాధాన్యం ఇవ్వాలి. నీళ్ల పంపకం ప్రశ్న వస్తే ముందు ఈ ప్రాంతాల అవసరం తీర్చాలి. శాసనసభ సాధారణ స్థానాలు జిల్లాలన్నిటికీ సమానంగా ఉండాలి. రాజధాని ఒక ప్రాంతంలో, హైకోర్టు ఇంకో ప్రాంతంలో ఉండాలి, ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. బేరం తెలిసినవాళ్లు రాసిన పత్రం ఇది. జనాభాలోనూ చదువులోనూ ముందున్న పక్షం వెనకబడిన పక్షానికి మొదటి ఎంపిక వదిలేసింది. కోస్తా పెద్దల వైపు నుంచి అది చిన్న త్యాగం కాదు. అందుకు వాళ్ల మీద నాకు గౌరవం ఉంది.

లేనిదేమిటో కూడా చూడాలి. మాట తప్పితే ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ పత్రంలో లేదు. తీర్పు చెప్పే మధ్యవర్తి లేడు. సాక్షి సంతకాలతో తెల్లకాగితం మీద రాసుకుని రిజిస్టరు చెయ్యని భాగపత్రం లాంటిది అది. అన్నదమ్ములు బతికినంతకాలం చెల్లుతుంది.

కొంతకాలం చెల్లింది కూడా. 1938లో మద్రాసు శాసనసభ ప్రత్యేక రాష్ట్రాల తీర్మానం చేసినప్పుడు సీమ అడ్డుపడలేదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణం వదిలాక రాష్ట్రం వచ్చింది. 1953 అక్టోబరు 1న నెహ్రూ కర్నూలులో ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. రాజధాని విజయవాడ–గుంటూరు వైపు ఉండాలని కమ్యూనిస్టులే కాదు, కోస్తా కాంగ్రెసు వాళ్లలోనూ చాలామంది పట్టుబట్టారు. ప్రకాశం గారు కర్నూలు వైపు మొగ్గారు. ఆయన ముఖ్యమంత్రి, అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు. పదహారేళ్ల కిందటి సంతకాలను ఆనాటి తరం నిలబెట్టింది.

కర్నూలుకు అప్పుడు రాజధానికి తగిన కట్టడాలు లేవు. గుడారాలు వేశారు. కచేరీలు గుడారాల్లో, ఉద్యోగుల కాపురాలు గుడారాల్లో. ఆ నగరంలో ఇప్పటికీ ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని పేటలున్నాయి. రైతుబజారుకు వెళ్లాలన్నా, డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా ఆటోవాడికి సీ క్యాంపు అని చెప్పి ఎక్కుతారు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు తమ పేటకు ఆ పేరెందుకని అడగరు. మూడేళ్ల రాజధాని మిగిల్చిన గుర్తుల్లో నాకు అన్నిటికన్నా నిజంగా కనబడేవి ఈ మూడు పేర్లే.

1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణల విలీనం కోసం ఢిల్లీలో ఇంకో ఒప్పందం జరిగింది. దాన్ని పెద్దమనుషుల ఒప్పందం అన్నారు. ఆంధ్ర వైపు నుంచి గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు గార్లు, తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు గార్లు సంతకాలు చేశారు. మంత్రిపదవులు అరవై, నలభై పాళ్లలో పంచుకోవాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి. నవంబరులో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు. రాజధాని హైదరాబాదుకు పోయింది, హైకోర్టూ పోయింది. ఆంధ్ర అనే ఒక్క పక్షంలో సీమను కలిపేయడంతో శ్రీబాగ్ సంగతి ఎత్తాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. సంతకం చేసినవాళ్లలో సీమ బిడ్డ సంజీవరెడ్డే ఉన్నాడు, తొలి ముఖ్యమంత్రీ ఆయనే అయ్యాడు. ఈ మాట మనం మనకే గట్టిగా చెప్పుకోవాలి.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లి చైనా సంగతి చెప్పాలనిపిస్తోంది. మావో 1976లో పోయాక, ఒక్క మనిషి చేతిలో అంత అధికారం ఉంటే ఏమవుతుందో ఒళ్లు కాలి తెలుసుకున్న నాయకులు అక్కడ మిగిలారు. 1980 ఆగస్టులో డెంగ్ జియావోపింగ్ అధికారం ఒకచోట పోగుపడటం గురించి పార్టీ పెద్దల ముందు తీవ్రంగా మాట్లాడాడు. 1982 రాజ్యాంగంలో దేశాధ్యక్షుడికి వరసగా రెండు దఫాలే అని రాశారు. వయసు మళ్లిన నాయకులు పదవులు దిగడానికి దారిగా ఒక సలహా సంఘం పెట్టి, పదేళ్ల తర్వాత దాన్నీ ఎత్తేశారు. 68 ఏళ్లు వచ్చినవాళ్లు పై కమిటీలోకి రాకూడదన్న ఆనవాయితీ పడింది. 2002లో జియాంగ్ జెమిన్, 2012లో హు జింటావ్ పార్టీ పగ్గాలు తర్వాతి వాళ్లకిచ్చి దిగారు. ఇక ఈ ఏర్పాటు స్థిరపడిందని ప్రపంచంలోని పండితులు చాలామంది రాశారు. 2018 మార్చి 11న రెండు దఫాల నియమాన్ని తీసేశారు. అనుకూలంగా 2,958 ఓట్లు, వ్యతిరేకంగా రెండు. 2022 అక్టోబరులో షీ జిన్‌పింగ్ మూడోసారి పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు.

అక్కడ నియమాన్ని కాగితం మీదా రాశారు, ఆనవాయితీగానూ పాటించారు. రెండూ నిలవలేదు. ఆ కాగితం పట్టుకుని వెళ్లడానికి స్వతంత్రమైన కోర్టు లేదు, నిలదీసే ప్రతిపక్షం లేదు, రాసే పత్రిక లేదు. మనకు ఈ మూడూ ఉన్నాయి. ఉండి కూడా శ్రీబాగును చట్టంగా మార్చుకోలేదు. అందుకే నాకు చైనా వాళ్ల మీదకన్నా మన మీదే ఎక్కువ బాధ కలుగుతుంది.

చట్టంలోకి ఎక్కినవి ఏమయ్యాయో చూస్తే తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రాంతీయ సంఘానికి 1956లోనే రాజ్యాంగంలోని 371వ అధికరణంలో చోటు దొరికింది. దాని పనితీరు మీద ఎన్ని ఫిర్యాదులున్నా, తగవు చెప్పుకునే చోటు ఒకటి ఏర్పడింది. 1969, 1972 ఉద్యమాల తర్వాత 1973లో 371–డి వచ్చింది. దాని కింద ఉద్యోగాలకు సీమ నాలుగు జిల్లాలు నాలుగో జోన్ అయ్యాయి. కాలేజీ సీట్లలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధి వాళ్లకు 85 శాతం దక్కింది. ఆ పరిధిలో నెల్లూరు కూడా ఉంది, శ్రీబాగులో సీమ పక్కన నెల్లూరును పెట్టినట్టే. ఈ వాటాను ఏ ముఖ్యమంత్రీ తన ఇష్టానికి మార్చలేకపోయాడు. అన్యాయం జరిగిందనుకున్న కుర్రవాడు నేరుగా కోర్టుకు వెళ్లగలిగాడు. ఈ సభలో కూర్చున్న డాక్టర్లలో, ఇంజినీర్లలో ఎంతమంది ఆ 85 శాతంలోంచి వచ్చారో మీకే తెలుసు.

ఇక నీళ్లు. 1951లో మద్రాసు ప్రభుత్వం కృష్ణా–పెన్నా పథకం ప్రతిపాదించింది. సిద్ధేశ్వరం దగ్గర కృష్ణ నీళ్లు మళ్లించి సీమ మీదుగా దక్షిణానికి తీసుకుపోవాలని దాని ఉద్దేశం. నీళ్లు తమిళదేశానికి పోతాయని ఆంధ్ర నాయకులు వ్యతిరేకించారు. ఆ భయం ఉత్తది కాదు. కానీ తర్వాత ఖోస్లా సంఘం నందికొండ వైపు మొగ్గింది, అక్కడే 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. సీమ నీళ్లకు మొదటి వరస అన్న శ్రీబాగ్ మాట ఆ రోజే వెనక్కి పోయింది.

1963లో శ్రీశైలానికి పునాది వేశారు, అదీ కరెంటు కోసం. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి. మునిగిన నేల మనది, అందులోంచి నీళ్లు తీసుకునే హక్కు కోసం మళ్లీ పోరాడాల్సి వచ్చింది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. సీమ కాలువలకు నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు తూముల నుంచి నీళ్లు దండిగా రావాలంటే 854 అడుగులైనా ఉండాలి. 1996లో 69వ నంబరు జీవోతో కనీస మట్టాన్ని 834కు దించారు. 2004లో 107వ నంబరు జీవోతో మళ్లీ 854 అన్నారు. నందికొట్కూరు దగ్గర ఒక పెద్దాయన పొద్దున్నే పేపరు తెరిచి ముందు శ్రీశైలం మట్టం చూడటం నేను చూశాను. ధరల పట్టిక, సినిమా పేజీ తర్వాత. 851 అని ఉంటే పేపరు మడిచి పక్కన పెట్టేస్తాడు. విత్తనం కొనాలా వద్దా అన్నది ఆ మూడు అడుగుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ మూడు అడుగులు దిగువన ఏ పవర్ హౌస్‌లో కరెంటు అయిపోయాయో ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

2016 మే 31న వేలాది రైతులు సిద్ధేశ్వరం వెళ్లి అలుగుకు తామే పునాదిరాయి వేశారు. శ్రీబాగ్ సంతకాల తర్వాత సీమ చేసిన పెద్ద రాజకీయ పని అదేనని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ పెద్దమనుషులు లేరు.

ఈలోగా కర్నూలు నుంచి దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, కడప నుంచి రాజశేఖరరెడ్డి, ఆయన కొడుకు జగన్మోహనరెడ్డి, అనంతపురం నుంచి సంజీవరెడ్డి, చిత్తూరు నుంచి చంద్రబాబు, కిరణ్‌కుమార్ రెడ్డి ముఖ్యమంత్రులయ్యారు. పెద్దపాడులో పుట్టిన సంజీవయ్య గారు 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. అది మనందరికీ గర్వకారణం. రాజశేఖరరెడ్డి గారి కాలంలో పోతిరెడ్డిపాడు వెడల్పు పెరిగిన మాట నిజం, దాన్ని కాదనను. అయితే ఇంతమంది కుర్చీలో కూర్చున్నా శ్రీబాగ్ షరతుల్లో ఏ ఒక్కదాన్నీ చట్టసభలో ప్రవేశపెట్టి నిలబెట్టలేదు. 2020లో కర్నూలును న్యాయ రాజధాని అంటూ చట్టం చేశారు, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. మన మనిషి కుర్చీలో ఉంటే చాలు, మన వాటా మనకు వచ్చినట్టేనని మనమూ అనుకున్నాం.

జిల్లాలకు సమాన స్థానాలు అన్న షరతు సంగతి కూడా చెప్పాలి. 2014 తర్వాతి రాష్ట్రంలో సీమ నాలుగు పాత జిల్లాలది ఐదింట రెండు వంతుల నేల. 175 స్థానాల్లో మనవి 52.  అయినా ఈ షరతును మళ్లీ అడగమని నేను చెప్పను. మనిషికి ఒక ఓటు అన్నది శ్రీబాగ్ కంటే పెద్ద ఒప్పందం. అందువల్లే మిగతా షరతుల విలువ పెరిగింది. సంఖ్యలో ఎప్పుడూ తక్కువగా ఉండే ప్రాంతానికి చట్టమే అండ.

2023 అక్టోబరులో కేంద్రం కృష్ణా జలాలను రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంచే పనిని బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కు అప్పగించింది. ఆ పనిలో ప్రాజెక్టుల వారీ కేటాయింపు కూడా ఉంది. మన రాష్ట్రానికి వచ్చిన దాంట్లో కర్నూలు–కడప కాలువకు, తెలుగుగంగకు, శ్రీశైలం కుడికాలువకు, హంద్రీ–నీవాకు ఎంత, ఏ నెలలో, ఏ వరసలో అన్నది ట్రైబ్యునలుకే వదిలేయకూడదు. అది మన శాసనసభ రాయాలి. 854 అడుగుల మట్టం జీవోలో కాదు, చట్టంలో ఉండాలి. ఆ మట్టానికి దిగువన నీళ్లు వదిలితే నందికొట్కూరు రైతు నేరుగా కోర్టుకు వెళ్లే హక్కు అందులో ఉండాలి. మట్టం, విడుదల లెక్కలు రోజూ మండల కేంద్రంలో అతికించాలి. ముసాయిదా రాయగల వకీళ్లు కడపలోనూ కర్నూలులోనూ ఉన్నారు, ఈ సభలోనూ ఉన్నారు. వచ్చే శాసనసభ సమావేశాలకు ముందే ఆ ముసాయిదా మన ఎమ్మెల్యేలందరి చేతికి, ఏ పార్టీ వాళ్లయినా సరే, చేరాలని కోరుతున్నాను.