ఒడ్డెక్కిన నావకు చలికాలపు కాపుదల

కార్తికమాసమున తెల్లవారుజామున లేచి దీపము పెట్టు ఆచారము మన ఇండ్లలో కలదు. ఆ వేళ పడమటి దిక్కునకు చూచినచో కృత్తికలు దిగంతమునకు దిగిపోవుచుండుట కనబడును. మనకు అది స్నానమునకు, దీపమునకు వేళ. ప్రాచీన గ్రీసు దేశపు నావికునకు అది వేరొక పనికి వేళ. కృత్తికలు వేకువను పడమట క్రుంకిన నాటినుండి అక్కడి సముద్రము నమ్మదగినది కాదు. నావను ఒడ్డునకు లాగి భద్రపరచుకొనవలయును.

ఈ మాట చెప్పినవాడు హెసియడ్ అను గ్రీకు కవి. క్రీస్తునకు పూర్వము 700 ప్రాంతమువాడు. తన సోదరునకు సేద్యమును గూర్చి బోధించుచు రచించిన ‘పనులు, దినములు’ అను కావ్యములో ఆయన నావ సంగతిని కూడ విడువలేదు. నావను నేలమీదికి లాగి, గాలి త్రోపునకు కదలకుండ చుట్టును రాళ్లు పేర్చుమనెను. వాననీరు లోపల నిలిచి కొయ్యను కుళ్లజేయకుండ అడుగున గల బిరడాను ఊడదీయుమనెను. తెరచాపను చక్కగ మడిచి, తక్కిన సరంజామాతో కూడ ఇంట దాచుమనెను. చుక్కానిని పొగ తగులునట్లు పైన వ్రేలాడగట్టుమనెను. ఇంతకును, తాను ఓడనెక్కినది ఒక్కమారేయనియు, అదియు ఒక ఇరుకైన జలసంధిని దాటుటకేననియు ఆయనయే ఆ కావ్యములో ఒప్పుకొనెను. సముద్రానుభవము స్వల్పమైనను గృహస్థుని జాగ్రత్త ఆయనకు సమృద్ధిగా కలదు. నావికుడను కాని నేను ఈ విషయమును ముచ్చటించుటకు నాకు కలిగిన ధైర్యము కూడ అదియే.

ఇరువదియేడు శతాబ్దములు గడచినవి. నేడు స్వీడన్, ఫిన్లాండ్ దేశములలో వేలకొలది కుటుంబములకు చిన్న తెరచాప నావలు కలవు. అక్కడి బాల్టిక్ సముద్రము విచిత్రమైనది. మహాసముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండగా, బాల్టిక్ ఉత్తర భాగములో అది 7 గ్రాములకు లోపే. ఉప్పు తక్కువయగుటచే ఆ నీరు సులభముగ గడ్డకట్టును. కదలు మంచుపలకల నడుమ చిక్కిన చిన్న నావకు క్షేమము లేదు. కావున శరదృతువులోనే నావలను క్రేనుతో పైకెత్తి ఒడ్డున నిలుపుదురు. మరల నీటిని చూచుట వసంతములోనే.

ఒడ్డెక్కినంత మాత్రమున ఆపద తీరినదనుకొనరాదు. సముద్రములో శత్రువు వెలుపల నుండును. ఒడ్డున శత్రువు లోపల నుండును. ఆ శత్రువు పిడికెడు నీరు. నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము సుమారు నూటికి 9 వంతులు పెరుగును. ఆ ఒత్తిడికి ఇనుము, ఇత్తడి కూడ పగులును. అందుచే యంత్రమును చల్లబరచు గొట్టములనుండి నీటిని తీసివేసి, గడ్డకట్టని ద్రావకమును నింపుదురు. మంచినీటి తొట్టిని, గొట్టములను ఖాళీ చేయుదురు. సీసపు బ్యాటరీని నిండుగ విద్యుత్తుతో నింపియుంచుదురు. నిండు బ్యాటరీ తీవ్రమైన చలికి ఓర్చుకొనును. ఖాళీ బ్యాటరీ త్వరలోనే గడ్డకట్టి చెడును.

నావ అడుగున సముద్రపు నీటిని లోనికి తెచ్చుకొను కవాటములు కొన్ని యుండును. ఒడ్డుననున్న నావకు వానిని మూసియుంచుట క్షేమమని క్రొత్తవాడు తలచును. కాని మూసిన కవాటము నడుమ గుక్కెడు నీరు చిక్కుకొని, గడ్డకట్టి, లోహమును చీల్చవచ్చును. ఆ చీలిక చలికాలమంతయు ఎవరి కంటను పడదు. వసంతములో నావను నీట దింపి యజమాని ఇంటికి పోవును. తెల్లవారుసరికి నావ మునిగియుండును. అందువలన ఒడ్డుననున్నంత కాలము వానిని తెరచియే యుంచవలయును. బిరడా తీయుమన్న హెసియడ్ ఉద్దేశ్యమును ఇదియే. లోపలి నీటికి దారి చూపవలయును.

రెండవ శత్రువు గాలి. నావ బరువు అడుగునగల వెన్నుదూలముపై నిలువవలయును. ప్రక్కల నిలిపిన ఊతకోలలు అది ఒరగకుండుటకే గాని బరువు మోయుటకు కాదు. పైన కప్పిన టార్పాలిన్ త్రాళ్లను ఆ ఊతకోలలకు కట్టుట గొప్ప పొరపాటు. గాలివానకు టార్పాలిన్ తెరచాపవలె ఉబ్బి ఊతకోలను లాగివేసినచో నావ ప్రక్కనున్న నావపై కూలును. ఆ సమయమున దాని క్రింద మనిషి యున్నచో చెప్పనక్కరలేదు. కప్పు క్రింద గాలి ఆడుటకు రెండు కొనలయందును సందు విడువవలయును. ఊపిరాడని నావలో తేమ చేరి బూజు పట్టును.

కొయ్య నావలకు మరొక చిక్కు కలదు. ఎండిన పలకలు ముడుచుకొని సందులు విచ్చుకొనును. వసంతమున నీట దింపినపుడు మొదట నీరు లోనికి కారును. పలకలు నాని ఉబ్బిన పిదప సందులు వానియంతట మూసికొనును. అంతవరకు కావలి యుండి నీరు తోడవలయును.

ఈ చింత మన తీరమునకు పూర్తిగ పరాయిది కాదు. 2015 నుండి తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యాంత్రిక పడవలకు వేట నిషేధము. ఆ దినములలోనే అనేకులు పడవలకు మరమ్మతులు చేయింతురు. అక్కడ మంచు, ఇక్కడ ఎండ. కాని ప్రశ్న యొక్కటియే. వేట లేని నాడు పడవను చూచుకొననిచో, వేటకు పోవలసిన నాడు అది కుటుంబమును పోషింపదు.

చివరకొక మాట. ఒడ్డున తెరచిన కవాటములను నావ దింపుటకు ముందు మూయవలయును గదా! శరత్తున తెరచినది వసంతమున జ్ఞాపకముండదు. అందుకని జాగ్రత్తగలవారు ‘కవాటములు తెరచియున్నవి’ అని చీటి వ్రాసి చుక్కాని పిడికి కట్టుదురు. హెసియడ్ బిరడా తీయుమనెను. తీసిన బిరడాను ఎచ్చట దాచితిమో గుర్తుంచుకొనుట మన వంతు.