వెన్నున మత్తుసూది

కోడండ్రకు ఓర్చుకొనుట నేర్పినవారము మనమే. హిమాయత్‌నగరమున మా కోడలికి కోతకాన్పు చేయునాడు వైద్యురాలు చెప్పిన మాట వేరు: "కన్నులు చీకట్లు క్రమ్మినను, డోకు వచ్చినను ఓర్చుకొనకుము, తక్షణమే చెప్పుము."

వెన్నున మత్తుసూది వేయగనే కాళ్ల రక్తనాళములు సడలి రక్తపుపోటు పడిపోవును. వెల్లకిల పరుండినచో నిండుగర్భము పెద్దసిరను అదుముటచే మరింత తగ్గును. మావికి చేరు రక్తము కొరవడి బిడ్డకును ముప్పు. మత్తులో పోటు పడుటను 1889లోనే యీ నగరమున, నిజాము వ్యయముతో జరిగిన క్లోరోఫారము పరీక్షలలో, జంతువులపై కొలిచి చూచిరి.

మా కోడలు డోకు వచ్చుచున్నదని చెప్పెనట. ఆమెను ఎడమప్రక్కకు కొంచెము ఒరగించి, సెలైను వడి పెంచి, ఫినైలెఫ్రిన్ ఎక్కించిరట. వెలుపల వరండాలో కూర్చున్న నేను ఇదేమియు నెరుగను. కొంతసేపటికి ఏడ్పు వినబడెను.