సంఖ్య చెప్పిన వంశగాథ



పందొమ్మిదవ శతాబ్దపు సామాన్య కూలీకి జీవితచరిత్ర వ్రాసినవారెవరు? మారిషస్ దీవిలో ఆ పనిని, తమకు తెలియకుండానే, గుమస్తాలు చేశారు.

1834 నవంబరు 2న 36 మంది ఒప్పంద కూలీలు 'అట్లాస్' ఓడలో పోర్ట్ లూయీ చేరారు. అటుపిమ్మట కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులనుండి సుమారు నాలుగున్నర లక్షలమంది వచ్చారు. భోజ్‌పురీ వారితోపాటు తెలుగువారు, తమిళులు, మరాఠీలు వారిలో ఉన్నారు. ప్రతి వ్యక్తికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, శరీరంపై గుర్తులు నమోదు చేశారు. ఈ దస్తావేజులు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ముత్తాతను వెదకే మునిమనుమడు మొదట ఇంటి పెట్టె తెరవాలి. పాత వివాహపత్రంలో ఆ సంఖ్య దొరికితే, అది ఓడ పేరును, ఊరి పేరును చూపుతుంది. పేరును మాత్రమే నమ్మరాదు. గుమస్తా చెవికి వినిపించినట్లు వ్రాశాడు. తెలుగువాని ఇంటిపేరు లుప్తమై, వ్యక్తినామమే వంశనామమైన కుటుంబాలున్నాయి. కనుక తండ్రి పేరు, వయస్సు, వచ్చిన సంవత్సరం సరిపోల్చి చూడవలసి ఉంటుంది.

కూలీని లెక్కించడానికి వేసిన సంఖ్యయే నేడు అతనిని తిరిగి మనిషిగా నిలబెట్టుచున్నది. మన ఇండ్లలోని పాత కాగితాలను చెదలకు వదలకుందుము గాక!