సముద్రపు మట్టికి పుట్టినతేదీ
(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సర్వీసంతా మైక్రోస్కోపులో ఏం చూశానో పది నిమిషాల్లో చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ.

మీలో చాలామంది ఇంటికి బోరు వేయించినవారే. మన ఎల్.బి.నగర్‌లో కాస్త మొరం దాటితే గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి రాయి. కరిగిన పదార్థం చల్లారి గట్టిపడింది కనుక అందులో జీవి ఆనవాలు వెతకడం వృథా. నా పని సముద్రపు మట్టితో.

సముద్రపు పైనీళ్ళలో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులు తేలుతూ బతుకుతాయి. ఇసుక రేణువంత సున్నపు గుల్ల వాటిది. చచ్చాక ఆ గుల్ల అడుక్కు చేరి మట్టిలో కలుస్తుంది. ఒక్కో జాతి ఒక కాలంలో పుట్టి, సముద్రాలంతటా పాకి, అంతరిస్తుంది. మళ్ళీ రాదు.

ఇంట్లో పాత ఆఫీసు గ్రూపు ఫోటో ఉందనుకోండి. తేదీ లేదు. 1968లో చేరిన గుమాస్తా అందులో ఉన్నాడు, 1974లో రిటైరైన సూపరింటెండెంటుగారూ ఉన్నారు. ఫోటో ఆ మధ్యలోదే కదా! మేం చేసేదీ అంతే. అసలు ఏళ్ళ లెక్క మాత్రం అగ్నిపర్వత శిలల్లోని రేడియోధార్మికత వల్లా, రాళ్ళలో నిలిచిపోయిన అయస్కాంత దిశల వల్లా తేలింది.

చమురు బావిలో ఒక చిక్కుంది. తవ్వుతుంటే గోడల నుంచి పైపొరల మట్టి రాలి కిందిదానిలో కలుస్తుంది. అంటే నిన్నగాక మొన్న పుట్టిన జాతి తాతలనాటి పొరలో ప్రత్యక్షమవుతుంది. అందుకని జాతి పుట్టుకను నమ్మం. పైనుంచి దిగుతూంటే అది మొదటిసారి ఎక్కడ కనబడిందో గుర్తు పెట్టుకుంటాం. అక్కడితో అది అంతరించిందన్నమాట. చేరిన తేదీ కాదండీ, రిటైరైన తేదీ!

1968లో గ్లోమర్ ఛాలెంజర్ అనే నౌక దక్షిణ అట్లాంటిక్ అడుగున తవ్వింది. నడిసముద్రపు పర్వతశ్రేణికి దూరమయ్యేకొద్దీ అడుగు రాతిని ఆనుకున్న మట్టి వయసు పెరుగుతూ పోయింది. సముద్రపు నేల విచ్చుకుంటోందన్న మాటకు ఈ గుల్లలే సాక్ష్యం చెప్పాయి.

మన రాజమండ్రి సంగతి నాకు మరీ ఇష్టం. అక్కడి క్వారీల్లో రెండు లావా పొరల నడుమ సముద్రపు మట్టి ఉంది. ఆ లావా పడమటి కనుమల వైపు నుంచి, సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని పరిశోధకుల అభిప్రాయం. డైనోసార్లు పోయిన 6.6 కోట్ల ఏళ్ళ కిందటి ప్రళయంలో ఫొరామినిఫెరా జాతులు కూడా చాలావరకు నశించాయి. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఆ నడిమి మట్టిలో, ప్రళయం తర్వాత కొత్తగా పుట్టిన చిట్టి జాతులను చూపింది. అంటే కింది లావా ప్రవాహం దాదాపు ప్రళయం నాటికే ఆగింది. తర్వాత కృష్ణా-గోదావరి బేసిన్‌లోని ఓ.ఎన్.జి.సి. బావుల కోర్లనూ పరిశీలించారు. డైనోసార్లను చంపింది లావాయా, ఆకాశం నుంచి పడ్డ ఉల్కాయా అన్న తగాదా ఇంకా తెగలేదు. నా మటుకు నేను ఉల్కను వదిలిపెట్టను, లావాను నిర్దోషి అననూ అనను.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అక్కడ అడగండి. నమస్కారం.