కట్టేటప్పుడు సర్కారు ఇల్లు, కారేటప్పుడు మన ఇల్లు

(2025 ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం నాడు పెనుకొండలో యువత ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా ఇక్కడ పెడుతున్నాం.)

జై ఆదివాసీ. జై సేవాలాల్. జై భీమ్.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వెనక కూర్చున్న పెద్దలకు దండాలు.

ఈ రోజు అందరూ అడవి గురించి, భూమి గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. నేను మాత్రం మన తల మీద ఉండే కప్పు గురించి మాట్లాడతాను. ముందుగా ఒక ప్రశ్న. మీరు ఉంటున్న కాలనీ ఇల్లు ఎవరిది?

"మాదే" అంటారు. పట్టా అమ్మ పేరు మీద ఉంది కాబట్టి మీదే. మరి స్లాబ్ వేయాలంటే ఎవరి సంతకం కోసం ఎదురుచూస్తున్నారు? హౌసింగ్ ఏఈ సంతకం కోసం. ఫోటో ఎవరు తీయాలి? సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్ తీయాలి. డబ్బు ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు? ఎవరికీ తెలీదు. కట్టేటప్పుడు అది సర్కారు ఇల్లు. పదేళ్లు పోయాక పైకప్పు పెచ్చులూడి మంచం మీద పడితే మాత్రం, "మీ ఇల్లు కదా, మీరే బాగు చేసుకోండి" అంటారు. ఖర్చు వచ్చినప్పుడే మనం ఓనర్లం. ఈ మాట ఒక్కటి గుర్తుపెట్టుకుంటే నేను చెప్పేదంతా అర్థమవుతుంది.

కొంచెం వెనక్కి పోదాం. మన జాతుల్లో కొందరికి ప్రభుత్వం కట్టిన మొదటి కాలనీ పేరు సెటిల్‌మెంట్. నేరస్త జాతుల చట్టం కింద ఎరుకల వాళ్లను దొంగలని ముద్ర వేసి, కాపలా పెట్టి, హాజరు పట్టీ పెట్టి ఉంచిన చోట్లు అవి. కోస్తాలో స్టువార్టుపురం అట్లా పుట్టిందే. ఆ చట్టం 1952లో పోయింది. అనంతపురం జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే, కాబట్టి ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. ఆ రోజుల్లో ఇంటి యజమాని సర్కారు, ఉండేవాడు ఖైదీ.

తర్వాత కాలం మారింది. 1985-86లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనప్పుడు అది ఎవరి కోసం పెట్టిందో తెలుసా? ఎస్సీ, ఎస్టీల కోసం, వెట్టి నుంచి విడుదలైన వాళ్ల కోసం. మిగతా పేదలను ఆ తర్వాత కలిపారు. ఇప్పటి పీఎం ఆవాస్ గ్రామీణ్‌లో కూడా దేశం మొత్తం మీద 60 శాతం ఇళ్లు ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలని నిబంధన ఉంది. అంటే మన ఇల్లు ఎవరో దయతలచి మధ్యలో ఇచ్చింది కాదు. ఈ పథకం మన పేరు మీదే పుట్టింది.

మరి మనం ఎందుకు ఎదురుచూస్తున్నాం? మన ఎదురుచూపులు రెండు రకాలు. వాటిని విడివిడిగా చూద్దాం.

మొదటిది, సగంలో ఆగిన ఇల్లు. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా పేదలకు ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటు అంటే 48 గజాల చిల్లర. మేకలు ఉన్న లంబాడీ ఇంటికి, పందులు మేపే ఎరుకల ఇంటికి ఆ జాగా చాలుతుందా అని ఎవరూ అడగలేదు. అప్పట్లో ఇంటికి యూనిట్ ధర 1 లక్షా 80 వేలు. ఆ డబ్బు ఒక్కసారిగా రాదు. పునాది లేస్తే కొంత, గోడలు రూఫ్ లెవెల్‌కు వస్తే కొంత, స్లాబ్ పడితే కొంత, పూర్తయితే మిగతాది. ముందు మన చేతి డబ్బుతో పని చేయించాలి, తర్వాత ఫోటో తీస్తారు, ఆ తర్వాత ఎప్పుడో బిల్లు పడుతుంది. దినకూలి చేసేవాడి చేతిలో ముందుపెట్టుబడి ఎక్కడిది? అప్పే.

ఇక్కడ లెక్క వేయండి. మన వైపు వడ్డీ నూటికి మూడు రూపాయలు మామూలు మాట. స్లాబ్ కోసం లక్ష తెచ్చినామనుకోండి. నెలకు 3 వేలు వడ్డీ. ఏడాదికి 36 వేలు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం పూర్తికాని ఇళ్లకు అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష. మంచిదే, స్వాగతిస్తాం. కానీ లక్ష అప్పు మీద 25 నెలల వడ్డీ ఎంత? సరిగ్గా 75 వేలు. బిల్లు 25 నెలలు ఆలస్యమైతే ఆ అదనపు సాయమంతా వడ్డీ వ్యాపారి జేబులోకి పోతుంది. ఇంటికి ఒక ఇటుక కూడా రాదు. అందుకే ఆలస్యం అంటే ఊరికే విసుగు అనుకోకండి. అది మన జేబులో నుంచి పోతున్న డబ్బు. ఇంకొకటి, అంతకుముందే అప్పు చేసి ఇల్లు పూర్తి చేసుకున్నవాళ్ల సంగతేంది? పూర్తికాని ఇళ్లకే అన్నారు కాబట్టి, చెప్పిన టయానికి కట్టుకున్నవాడికి అప్పు ఒక్కటే మిగిలింది.

మూడో ఆప్షన్ అని ఒకటి పెట్టినారు గుర్తుందా? ప్రభుత్వమే కట్టించి ఇస్తుందన్న ఆప్షన్. ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, వలస పోయేవాళ్లు నమ్మి దాన్నే ఎంచుకున్నారు. రాష్ట్రంలో చాలాచోట్ల కాంట్రాక్టర్లు పునాదుల దగ్గరే వదిలేసి పోయినారు. ఆ పునాదుల మధ్య ఇప్పుడు కంపచెట్లు మొలిచినాయి.

వలస సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున రైలెక్కితే పనిలో ఉంటాం. ఫోటోలో లబ్ధిదారు నిలబడాలి. సార్ వచ్చిన రోజు ఇంటికి తాళం ఉంటుంది. "ఇంట్లో ఎవరూ లేరు, ఇల్లు అవసరం లేదేమో" అని రాసుకుని పోతారు. ఇంటి అప్పు తీర్చడానికే ఊరు వదిలి పోయినాడని ఆ కాగితంలో ఉండదు.

రెండోది, పాత ఇల్లు. ఇది ఇంకా కష్టమైన ఎదురుచూపు, ఎందుకంటే దీనికి క్యూ కూడా లేదు. 1980లలో, 90లలో కట్టిన కాలనీ ఇళ్లు, 2006 నుంచి కట్టిన ఇందిరమ్మ ఇళ్లు చూడండి. ఒక గది, ఒక వసారా. ఇనుము తుప్పు పట్టి స్లాబ్ పగిలి, వాన వస్తే గిన్నెలు పెట్టుకుని కూర్చునే ఇళ్లు ఎన్ని లేవు? "మిద్దె కారుతాంది సార్" అని పోతే కంప్యూటర్ చూసి, "మీకు గతంలో ఇల్లు ఇచ్చేశాం" అంటారు. ఆధార్ కొడితే పేరు వస్తుంది. మిద్దె కారుతోందన్న సంగతి మాత్రం రాదు. కంప్యూటర్‌లో అది ఇప్పటికీ పక్కా ఇల్లే. కొడుక్కు పెళ్లయి వేరు కాపురం పెట్టినా, అదే కప్పు కింద రెండు సంసారాలు ఉంటున్నా, ఆ పాత ఎంట్రీ అడ్డం వస్తుంది.

మన జిల్లాలో వానలు తక్కువ, నిజమే. కరువు సీమ అని పేరే ఉంది. అందుకే పదినెలలు ఎవరికీ పైకప్పు గుర్తుకు రాదు. కానీ వచ్చినప్పుడు వాన ఎట్లా వస్తుందో 2021 నవంబరులో చూశాం. కదిరిలో భవనం కూలి చిన్నపిల్లల ప్రాణాలు పోయినాయి. కప్పు ఎట్లా ఉందో చూడాల్సింది ఎండాకాలంలో. మంది చచ్చినాక వచ్చి పరామర్శిస్తే ఏం లాభం?

పాత ఇందిరా ఆవాస్‌లో కొంత సొమ్ము కచ్చా ఇళ్లను బాగు చేసుకోవడానికి పెట్టుకునే వీలు ఉండేది. ఇప్పుడు సర్కారు కట్టించిన పాత ఇంటిని సర్కారే రిపేరు చేయించే పద్దు మన చేతికి అందేటట్లు లేదు. కొత్త ఇల్లు అంటే ఫోటో ఉంటుంది, గృహప్రవేశం ఉంటుంది, నాయకుడు రిబ్బన్ కట్ చేస్తాడు. కారే మిద్దెకు తారు పూస్తే ఎవరు ఫోటో దిగుతారు?

బయట దేశంలో ఏం జరిగిందో ఒకటి చెప్తాను. ఇంగ్లండులో మున్సిపాలిటీలు, సంఘాలు పేదలకు ఇళ్లు కట్టి బాడుగకు ఇస్తాయి. అక్కడా రిపేర్ల కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. రాచ్‌డేల్ అనే ఊళ్లో సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం, గోడలకు బూజు పట్టిందని మళ్లీ మళ్లీ చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. 2020 డిసెంబరులో వాళ్ల రెండేళ్ల బిడ్డ అవాబ్ ఇషాక్ చనిపోయాడు. ఆ బూజు వల్లే ఊపిరి జబ్బు వచ్చి పోయాడని 2022లో విచారణాధికారి తేల్చారు. ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు, జనం వాళ్ల వెంట నిలబడ్డారు. 2023లో చట్టం వచ్చింది. దాన్ని బిడ్డ పేరు మీదే అవాబ్ చట్టం అంటారు. 2025 అక్టోబరు 27 నుంచి అమలు. ప్రాణాపాయం ఉంటే 24 గంటల్లో సరిచేయాలి. తీవ్రమైన చెమ్మ, బూజు ఉందని చెబితే 10 పనిదినాల్లో వచ్చి పరీక్ష చేయాలి.

వాళ్లు బాడుగకు ఉండేవాళ్లు, మనం పట్టాదారులం, ఆ తేడా నాకు తెలుసు. కానీ మనం నేర్చుకోవాల్సింది ఒకటి ఉంది. ఫిర్యాదు అందిన రోజు నుంచి రోజులు లెక్కపెట్టే చట్టం వాళ్లు తెచ్చుకున్నారు. మనకు ఫిర్యాదు తీసుకునే కౌంటర్ ఉంది గానీ, ఇన్ని రోజుల్లో బిల్లు పడకపోతే ఎవరు జవాబుదారో చెప్పేది లేదు.

గడువు పెట్టుకుని పని చేయడం సర్కారుకు రాదా? బాగా వచ్చు. ఇదే పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ చూడండి. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం. 2019 ఆగస్టులో మొదటి కారు బయటికొచ్చింది. భూమి, రోడ్డు, కరెంటు, గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్లు, అన్నీ రెండేళ్ల నాలుగు నెలల్లో. ఫ్యాక్టరీ వద్దని నేను అనను, మన పిల్లలకు అందులో పని కావాలి. కోట్ల ఫ్యాక్టరీకి తేదీ వేసి పని చేయించినవాళ్లు ఒక్క గది ఇంటికి తేదీ ఎందుకు వేయలేరు అని అడుగుతున్నా.

ఎందుకంటే అడిగేవాళ్లు తక్కువ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎస్టీలు వందకు నలుగురు కూడా లేరు. మన జిల్లా ఐదో షెడ్యూలులో లేదు. మనకు ఐటీడీఏ లేదు. చెంచులకు శ్రీశైలంలో, యానాదులకు నెల్లూరులో ఉన్నాయి. మన ఫైలు సచివాలయం, మండలం, డివిజన్, పుట్టపర్తి అని తిరుగుతుంది. దారిలో ఎక్కడా "ఇది గిరిజనుల ఫైలు" అని పట్టుకునే చెయ్యి లేదు. కానీ 2013 సబ్‌ప్లాన్ చట్టం మైదాన ప్రాంతం గిరిజనులకూ వర్తిస్తుంది. చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, నివాసం అంటే తల మీద కప్పు ఒక్కటే కాదు, గాలి, వెలుతురు, నీళ్లు, పారిశుధ్యం కూడా అని చెప్పింది. హక్కు ఉంది. దాన్ని నడిపించే మనుషులు కావాలి. ఆ మనుషులు మీరే.

మన డిమాండ్లు నాలుగు. ఒకటి, ఫోటో తీసిన రోజు నుంచి బిల్లు పడటానికి గడువు పెట్టాలి, దాటితే వడ్డీ సర్కారే భరించాలి. రెండు, పాత కాలనీ ఇళ్లన్నీ ఇంజనీర్లు వచ్చి చూడాలి, ఉండటానికి పనికిరాని ఇంటిని "ఇచ్చేశాం" జాబితా నుంచి తీసేయాలి. మూడు, సబ్‌ప్లాన్ నిధుల్లో ఇళ్ల రిపేరుకు పద్దు పెట్టాలి. నాలుగు, పుట్టపర్తిలో గిరిజనుల ఇళ్ల ఫైళ్లు చూసే అధికారి ఒకరు ఉండాలి.

డిమాండ్ చేసి ఊరుకుంటే రాదు. రేపటి నుంచి మీ పని చెప్తాను. మీ తండాలో ఇంటింటికీ పోండి. రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, ఏ సంవత్సరం మంజూరు, ఇప్పుడు ఏ దశలో ఉంది, చివరి బిల్లు ఏ తేదీన పడింది, అప్పు ఎంత, వడ్డీ ఎంత. పాత ఇల్లయితే పైకప్పు ఫోటో తీయండి, తేదీ కనపడేటట్లు. జాబ్‌కార్డు కూడా చూడండి. పీఎం ఆవాస్ గ్రామీణ్ ఇంటికి 90 పనిదినాల ఉపాధి కూలి రావాలి. అది పడిందా, వేరేవాళ్ల పేరున పోయిందా?

అర్జీ నోటితో చెప్పొద్దు. కాగితం మీద ఇవ్వండి, రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో, పెనుకొండ, ధర్మవరం ఆర్డీఓ ఆఫీసుల్లో అర్జీలు తీసుకుంటారు. ఒక్కొక్కరే పోతే "చూస్తాం పో" అంటారు. ఒకే రోజు ముప్పై ఇళ్ల అర్జీలు పట్టిక కట్టుకుని పోతే కుర్చీ వేస్తారు. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 30 రోజుల్లో చెప్పాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో గ్రామసభలు పెడుతుంటారు. ఆ నోటుబుక్కు తీసుకుని పోయి ముందు వరసలో కూర్చోండి. తీర్మానం రాయించకుండా లేవొద్దు.

వలస పోయినవాళ్ల తరఫున కూడా మీరే అడగండి. బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తున్న మన అన్నలు ఊరోళ్ల మిద్దెలన్నీ గట్టిగా వేసి ఇస్తున్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఊళ్లో కారే మిద్దె కింద పడుకుంటున్నారు. ఈ వానాకాలం పోయేలోపు ఈ మూడు నియోజకవర్గాల్లో ప్రతి తండాకూ, ప్రతి ఎరుకల కాలనీకీ ఒక నోటుబుక్కు ఉండాలి. వచ్చే సమావేశానికి మీరు ఉపన్యాసం వినడానికి రావొద్దు. ఆ నోటుబుక్కులు పట్టుకుని రండి. అవన్నీ కట్టకట్టి అందరం కలిసి పుట్టపర్తికి పోదాం.

జై ఆదివాసీ. జై సేవాలాల్.