పాత యంత్రం, కొత్త వ్యవస్థ
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. కనుక గుమాస్తా భాషలోనే చెబుతాను.

మనలో చాలామంది ఇళ్లలో పదేళ్లనాటి కంప్యూటర్లున్నాయి. వాటిలో ఉన్నది విండోస్ 10. దానికి మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఆ రోజుతో యంత్రం ఆగిపోలేదు గాని, బ్యాంకు పని, పెన్షను పని చేసుకునేవారికి అది గొళ్ళెం ఊడిన తలుపు వంటిది. విండోస్ 11 వేద్దామంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, వారు ఆమోదించిన ప్రాసెసరు ఉండాలి. నా యంత్రానికి ఆ యోగ్యత లేదు.

దుకాణంవారు కొత్తది కొనమన్నారు. మా మనవడు మాత్రం "తాతా, లైనక్స్ వేద్దాం" అన్నాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టగా, దేశదేశాలవారు కలిసి పెంచిన వ్యవస్థ అది. మన సి-డాక్ వారు 2007లో బాస్ పేరుతో తెచ్చినది కూడా దాని మీద కట్టినదే. నేను వాడుతున్నది లైనక్స్ మింట్. వెల లేదు.

మొదటి పదిరోజులు విసుగు పుట్టిన మాట నిజం. మా కొత్తవాడలో జంపఖానాలు నేసేవారిని చూడండి. గుంట మగ్గం అలవాటైన మనిషిని వేరే మగ్గం మీద కూర్చోబెడితే నేత మరచిపోడు, కాలు మాత్రం పాత చోటికే పోతుంది. మనకూ అంతే. బుద్ధి మందగించిందని పిల్లల ముందు చిన్నబుచ్చుకోనక్కరలేదు.

కొత్త సెక్షనుకు బదిలీ అయితే మనమేం చేసేవాళ్లం? తపాలు ఎక్కడికి వస్తుంది, పర్సనల్ రిజిస్టరు ఎక్కడుంది, ముగిసిన ఫైళ్లు ఏ బీరువాలో ఉన్నాయి అని అడిగి రాసుకునేవాళ్లం. నేనూ ఒక కాగితం మీద ఎడమ పక్క పాత పేరు, కుడి పక్క కొత్త పేరు రాసి గోడకు అంటించాను. సి డ్రైవు, డి డ్రైవు అనేవి కనబడవు, మన కాగితాలన్నీ హోమ్ అనే బీరువాలో ఉంటాయి. వర్డ్ బదులు లిబర్ ఆఫీస్. పాత ఫైళ్లు తెరుచుకుంటాయి, పట్టికల గీతలు అక్కడక్కడ జరుగుతాయి. ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం ఇక్కడ వేరువేరు, ఒకే పేరు రెండు విధాలుగా రాస్తే రెండు ఫైళ్లవుతాయి. కొత్త సరంజామా ఏది వేయాలన్నా పాస్‌వర్డు అడుగుతుంది. సూపరింటెండెంటు సంతకం లేనిదే స్టోరు తాళం తీయనట్టు! నాకది నచ్చింది.

అసలు చిక్కు తెలుగుతో వచ్చింది. సంఘం పాత వినతిపత్రాలు అను ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడలేదు. మన తెలుగు అక్షరం బొమ్మను ఇంగ్లీషు అక్షరం గదిలో కూర్చోబెట్టిన పద్ధతి అది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత గదులున్నాయి. పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు సరిచూసుకోవాలి. నేను రోజుకు రెండు పత్రాల చొప్పున మారుస్తున్నాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చినవారికి మాత్రం బెంగ లేదు, అక్షరాల చోట్లు అక్కడా ఇక్కడా ఒకటే.

అన్నీ నడుస్తాయని నేను చెప్పను. నా దగ్గరున్న వేలిముద్ర యంత్రం దీనితో పనిచేయలేదు. జీవన ప్రమాణ్ పత్రం ఫోనులో ముఖం చూపించి ఇచ్చాను. ఆ సౌకర్యం 2021 నవంబరులో వచ్చింది.

ఈ వయసులో ఇంత శ్రమ ఎందుకని అడిగే మిత్రులున్నారు. నెట్ సెంటరులో ఆధారు, పి.పి.ఓ. నంబరు, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. మూడూ పరాయి మనిషికి అప్పజెప్పి వచ్చేవారిని చూస్తున్నాను. వారిలో కుటుంబ పెన్షను తప్ప వేరే ఆధారం లేని సోదరీమణులున్నారు. ట్రెజరీ బిల్లు మీద ఖాళీ సంతకం పెట్టి ఇవ్వని మనం, ఇప్పుడు ఆ పని చేస్తున్నాం.

ఇంతకూ లైనక్స్‌ను పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు, పాతదాన్ని తీసేయనక్కరలేదు. లోపల స్థిరంగా వేసేటప్పుడు పాతవన్నీ చెరిగిపోవచ్చు గనుక ఫోటోలు, కాగితాలు ముందుగా వేరే డిస్కులోకి ఎత్తుకోండి. ఆ పెన్‌డ్రైవు ఇప్పుడు నా జేబులోనే ఉంది. టీ తరువాత కార్యదర్శిగారి బల్ల దగ్గర పెట్టి చూపిస్తాను. కళ్లద్దాలు తెచ్చుకోండి.