పట్టా వెనక ఉండాల్సిన పని



మీరు హైదరాబాద్‌ అమీర్‌పేటలోని ఈ కళాశాలలో అంతర్జాతీయ వ్యాపారం చదివి, ఈ రోజు పట్టాలు అందుకుంటున్నారు. నేను పశువైద్యుణ్ని. మన దారులు ఓడరేవులో కలుస్తాయి. అక్కడి నుంచి మాంసం కంటెయినర్ కదలాలంటే సరుకుతో పాటు పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం వెళ్లాలి. అవతలి దేశం ఆ కాగితాన్ని నమ్మని రోజున నష్టం ఎవరి నెత్తిన పడుతుందో మీకు చెప్పాలని వచ్చాను.

2003 మే 20న కెనడాలోని ఆల్బర్టాలో ఒక్కటంటే ఒక్క ఆవుకు మ్యాడ్ కౌ వ్యాధి ఉందని ప్రకటించారు. అమెరికా వెంటనే సరిహద్దు మూసేసింది. మరెన్నో దేశాలు అదే బాట పట్టాయి. పశువుల మీద వచ్చే రాబడికి ఎగుమతులనే నమ్ముకున్న దేశంలో మంద ధర కుప్పకూలింది. అయినా కెనడా జనం గొడ్డు మాంసం తినడం మానలేదు. రైతు దగ్గర పడినంతగా దుకాణంలో ధర పడనూ లేదు. బయటి గిరాకీ పోయి, అమ్ముడుపోని పశువులు మిగిలిపోతే బేరమాడే బలం కబేళా యజమానికి దక్కింది. ముప్పై నెలల లోపు బతికున్న పశువులకైనా అమెరికా మళ్లీ దారి ఇచ్చింది 2005 జూలైలోనే.

బ్రెజిల్‌కూ ఇలాంటి దెబ్బే తగిలింది. అక్కడి మందల్లో అత్యధికం నెలోర్ జాతివి. అవి మన ఒంగోలు పశువుల సంతతి, పేరు మన నెల్లూరుది. 2021 సెప్టెంబరులో అక్కడ రెండు ముసలి ఆవుల్లో, ఇతర పశువులకు అంటుకోని అరుదైన రకం మ్యాడ్ కౌ వ్యాధి బయటపడింది. అయినా ఒప్పందం ప్రకారం చైనాకు ఎగుమతులు ఆపాల్సి వచ్చింది. అవి మళ్లీ మొదలైంది డిసెంబరు మధ్యలో. గేటు ఒక్క రోజులో పడుతుంది. ఎత్తడం మాత్రం కొనేవాడి ఇష్టం.

ఇక మన సంగతి. భారతదేశం ఆవు మాంసం ఎగుమతి చేయదు. ఎముకలు తీసిన గేదె మాంసం పంపుతుంది. 2023-24లో దాని విలువ సుమారు 374 కోట్ల డాలర్లు. ఈ వ్యాపారం మనకు దూరమేమీ కాదు. అమీర్‌పేట నుంచి ముంబై హైవే పట్టుకుని పటాన్‌చెరు దాటితే రుద్రారం, అక్కడే అల్ కబీర్ ఎగుమతి కబేళా.

మనకున్న చిక్కు గాలికుంటు వ్యాధి. కోసిన తర్వాత మాంసాన్ని నిర్ణీత సమయం చల్లగా ఉంచితే కండరంలో ఆమ్లత పెరిగి వైరస్ చచ్చిపోతుంది. ఎముక మూలుగలో, గ్రంథుల్లో మాత్రం బతికే ఉంటుంది. అందుకే ఎముకలూ గ్రంథులూ తీసేసి పంపుతాం. అంత చేసినా జపాన్, దక్షిణ కొరియా, అమెరికా మన పచ్చి మాంసం తీసుకోవు. వియత్నాం, మలేషియా, ఈజిప్టు లాంటి దేశాలు కొంటాయి, చౌక అని కొంటాయి. మంచి ధర ఇచ్చే మార్కెట్లు మూసుకుపోయిన ఆ లోటు సంతలో తేలుతుంది. వట్టిపోయిన గేదెను అమ్మి, ఆ డబ్బుకు మరికొంత కలిపి పాడిగేదె కొందామని వచ్చిన రైతుకు చేతికందేది తగ్గుతుంది. ఆయనకు ఎగుమతి నిబంధనలు తెలియవు. వాటి ఖరీదు చెల్లించేది మాత్రం ఆయనే.

ఈ నిబంధనలు మన మీద కక్షతో రాసినవి కావు. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్ వెళ్తున్న పశువులు బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగాయి. వాటితో పాటే పశువుల మహమ్మారి రిండర్‌పెస్ట్ యూరప్‌లో దిగింది. ఆ దెబ్బతో 1924 జనవరి 25న పారిస్‌లో 28 దేశాలు కలిసి పశు ఆరోగ్య సంస్థను స్థాపించాయి. గాలికుంటు లాంటి కొన్ని వ్యాధులు ఏ దేశంలో లేవో తేల్చే సంస్థ నేటికీ అదే. ఆ రిండర్‌పెస్ట్ లేదన్న గుర్తింపును మన దేశం 2006లో సంపాదించింది, 2011 నాటికి ప్రపంచమే దాన్ని వదిలించుకుంది. ఊరూరా టీకాలు వేసి, ఆపైన ఏళ్ల తరబడి నిఘా పెట్టి, ప్రతి అనుమానాన్నీ కాగితం మీద పెడితే వచ్చిన గుర్తింపు అది.

గాలికుంటు మీద ఇప్పుడు అదే పోరు. 2019లో కేంద్రం దానికీ మరో పశువ్యాధికీ కలిపి 13,343 కోట్ల రూపాయలతో పథకం మొదలుపెట్టి, 2030కల్లా గాలికుంటును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. టీకాకు మనకు కొదవ లేదు, గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేస్తోంది. పశువు చెవికి పన్నెండంకెల ట్యాగు ఉంది. ఇక కావలసింది ఆ అంకెల పక్కన రాసిన టీకా తేదీ నిజం కావడం. వేయని టీకాను వేసినట్టు రాస్తే లక్ష్యం కాగితం మీద నెరవేరుతుంది, వ్యాధి పాకలోనే ఉంటుంది. అది బయటపడ్డ రోజున నిజంగా టీకా వేయించిన రైతును కూడా ఎవరూ నమ్మరు.

సాఫ్ట్‌వేర్ కోర్సుల అమీర్‌పేటలో చదివిన మీకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరో ఒకరు దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో పట్టుబడితే, రాత్రింబవళ్లు కష్టపడి కోర్సు నేర్చుకున్నవాడి రెజ్యూమెను కూడా కంపెనీ అనుమానంగానే తిరగేస్తుంది.

రేపు మీలో కొందరు ఎగుమతి సంస్థల్లో, కొందరు బ్యాంకుల్లో, కొందరు ఆడిట్‌లో చేరతారు. ఏదో ఒక సాయంత్రం ఫారంలో ఒక గడి ఖాళీగా కనిపిస్తుంది. ‘ఏదో ఒకటి రాసేయ్, పైకి పంపాలి’ అంటారు. రాయకండి. ఎందుకు ఖాళీగా ఉందో కనుక్కోండి. దానివల్ల ఆ పూట మీ మీద విసుక్కోవచ్చు, సరుకు ఒక రోజు ఆలస్యం కావచ్చు. ఒక రోజు ఆలస్యాన్ని ఏ దేశమైనా భరిస్తుంది. పశువులకు రెండేళ్లు మూతపడిన సరిహద్దును మాత్రం కెనడా లాంటి సంపన్న దేశపు రైతే తట్టుకోలేకపోయాడు, మన సంతలో నిలబడ్డ రైతు ఎలా తట్టుకుంటాడు?